కొత్త ఫొటో ప్రింటర్ వచ్చిందా? ముందు ఒక తెల్ల గిత్తని, ఒక నల్ల రాయిని ప్రింట్ తీయండి

మా ఒంగోలులో గోడకి పెట్టుకునే పెద్ద ఫొటో కావాలంటే ఫైలు ల్యాబ్‌కి పంపడం, రెండు రోజులు ఆగడం, ఏ రంగు వస్తే ఆ రంగుతో సర్దుకుపోవడం, ఇదే పద్ధతి. పన్నెండేళ్లు సర్దుకుపోయాక ఇక నా వల్ల కాక, మొన్న దసరా వెళ్లగానే కేనన్ ఇమేజ్‌ప్రోగ్రాఫ్ ప్రో-300 ఒకటి కొన్నాను. కొని నెల దాటింది, అంతే. కాబట్టి మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పే అర్హత నాకింకా లేదు. కానీ మొదటి వారంలో నేను తగలేసిన కాగితాలు చూస్తే కొత్తగా కొనేవాళ్లకి చెప్పాల్సిన మాటలు కొన్ని ఉన్నాయనిపించింది. వేరే కంపెనీ ప్రింటర్ కొన్నా వీటిలో చాలావరకు పనికొస్తాయి.

ముందుగా, ఇది జిరాక్స్ షాపులో ఉండే నాలుగు ఇంకుల బాపతు కాదు. 13 అంగుళాల వెడల్పు కాగితం పడుతుంది, అంటే 13 బై 19 సైజు దాకా తీయొచ్చు. ఇంకులు పది. అందులో నలుపులే రెండు: మెరిసే కాగితానికి ఫొటో బ్లాక్, మెరుపు లేని కాగితానికి మ్యాట్ బ్లాక్. పదోది అసలు రంగే లేని ఇంకు, పేరు క్రోమా ఆప్టిమైజర్. ఇవి పిగ్మెంట్ ఇంకులు, అంటే రంగు కాగితంలోకి ఇంకిపోకుండా సన్నటి రేణువులుగా పైన కూర్చుంటుంది. అందుకే కాగితంలోకి ఇంకిపోయే డై ఇంకు కంటే ఎక్కువ కాలం వెలవకుండా ఉంటుంది, అందుకే మెరిసే కాగితం మీద ఇంకు పడిన చోట ఒక మెరుపు, పడని చోట ఇంకో మెరుపు కనిపించే ఇబ్బందీ ఉంటుంది. ఆ తేడా తెలియకుండా పైన పూత వేయడమే ఆ రంగులేని ఇంకు పని. రంగులేని దానికి డబ్బులేంటని మా బావమరిది నవ్వాడు, ప్రింటుని ఏటవాలుగా లైటుకి పెట్టి చూపించాక మాట్లాడలేదు.

పెట్టె విప్పేటప్పుడు

పధ్నాలుగు కేజీలు పైనే ఉంటుంది కాబట్టి ఊగే టేబుల్ మీద పెట్టొద్దు, హెడ్, అంటే ఇంకు చిమ్మే భాగం, అటూ ఇటూ పరిగెడుతుంటే టేబుల్ కూడా ఊగుతుంది. గోడకి ఆనించి కూడా పెట్టొద్దు, మందపాటి కాగితం వెనకవైపు నుంచి ఒక్కో షీటుగా పెట్టాలి, చెయ్యి పట్టాలి కదా. హెడ్డుని మనమే బిగించాలి, కింద నాజిల్స్, అంటే ఇంకు వచ్చే సన్నటి రంధ్రాలు, ఉన్న వైపు వేలు తగలనివ్వకండి. కార్ట్రిడ్జ్‌లో ఉండేది 14.4 మిల్లీలీటర్లే, మొదటిసారి హెడ్ నిండటానికి అందులోంచి కొంత పోతుంది, ఒక్క ఫొటో తీయకుండానే మట్టం తగ్గిందేంటని టెన్షన్ పడొద్దు, ఇలాంటి ప్రింటర్లన్నిటికీ ఇది మామూలే. ఆ తర్వాత నాజిల్ చెక్ (రంధ్రాలన్నీ ఇంకు వేస్తున్నాయో లేదో చూసే పరీక్ష ప్రింటు), హెడ్ అలైన్‌మెంట్ (ఇంకు సరైన చోట పడేలా హెడ్డుని సర్దడం) రెండూ చేయండి. విసుగు పుట్టించే పనే, అయినా వదలొద్దు.

గిత్త, రాయి

ఇక్కడే అందరం చేసే తప్పు ఒకటి ఉంది. ప్రింటర్ రాగానే మనకి బాగా నచ్చిన ఫొటో, అంటే సూర్యాస్తమయమో, పాప నవ్వే ఫొటోనో తీసి చూస్తాం. అవి ఎలా వచ్చినా బాగానే ఉంటాయి, అందుకే వాటి వల్ల ప్రింటర్ సంగతి ఏమీ తెలియదు. తెలియాలంటే తెలుపులో తెలుపు, నలుపులో నలుపు ఉన్న ఫొటోలు కావాలి. మన జిల్లాలో వాటికి కొదవా? ఒంగోలు గిత్త ఉంది, చీమకుర్తి గ్రానైట్ ఉంది. ఆ గ్రానైట్‌ని బ్లాక్ గెలాక్సీ అని ప్రపంచమంతా కొంటారు, కారునలుపులో బంగారు రంగు చుక్కలు. నా దగ్గర రెండు ఫొటోలూ ఉన్నాయి, 24 మెగాపిక్సెల్ కెమెరాతో తీసినవి. ఆ ఫైలు 6000 బై 4000 పిక్సెళ్లు, అంగుళానికి 300 చొప్పున 20 బై 13 అంగుళాల దాకా సరిపోతుంది, అంటే ఈ ప్రింటర్ పెద్ద సైజుకి సరిగ్గా చాలు. కానీ పరీక్షకి అంత పెద్ద సైజు అక్కర్లేదు, ఏ4 షీటు మీద రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి తీయండి.

గిత్త మా పెదనాన్నది. మొదటి ప్రింటు తీసుకెళ్లి చూపిస్తే, "ఏరా, కడగకుండా తీశావా దీన్ని?" అన్నాడు. నిజమే, తెలుపంతా మబ్బుగా, మురికి పట్టినట్టు ఉంది. ఇంటికొచ్చి ఫొటోని బాగా బ్రైట్ చేసి మళ్లీ తీశాను. ఈసారి గంగడోలు మడతలు మాయం, మూపురం దగ్గర ఉండే బూడిద ఛాయ కూడా లేదు. "సున్నం కొట్టావా?" అన్నాడు. తప్పు ప్రింటర్‌ది కాదు, ఫొటోది కూడా కాదు, నా స్క్రీన్‌ది. మానిటర్ వెలుగు పూర్తిగా పెంచి పెట్టుకోవడం వల్ల స్క్రీన్ మీద బాగున్న ఫొటో కాగితం మీద చీకటిగా వచ్చింది, ఎందుకంటే కాగితానికి సొంత వెలుగు లేదు, గదిలో ఉన్న వెలుగే దానికి దిక్కు.

కాబట్టి ప్రింటర్ సెట్టింగులు ముట్టుకోకముందు మానిటర్ తగ్గించండి. స్క్రీన్ వెలుగు, రంగు కొలిచే కాలిబ్రేటర్ ఉంటే వెలుగుని చదరపు మీటరుకి 100 క్యాండెలాల దగ్గర పెట్టండి, 80 నుంచి 120 మధ్యలో ఎక్కడున్నా పర్లేదు. లేకపోతే ఒక ఉపాయం: స్క్రీన్ మీద ఖాళీ తెల్ల పేజీ తెరవండి, పక్కనే ప్రింట్ కాగితం ఒకటి గది లైటు పడేలా పట్టుకోండి, రెండు తెలుపులూ ఒకేలా అనిపించేదాకా మానిటర్ వెలుగు తగ్గించుకుంటూ రండి. మొదటి రోజు కళ్లకి చీకటిగా ఉంటుంది, మూడో రోజుకి అలవాటవుతుంది. నేను అలా చేసి, ఫొటోని కొత్తగా సరిచేసి తీసిన మూడో ప్రింటులో గంగడోలు మడతలు వచ్చాయి.

ఇక రాయి సంగతి. హడావిడిలో గ్లాసీ కాగితం పెట్టి, సెట్టింగులో మాత్రం మ్యాట్ కాగితం అని వదిలేశాను. ప్రింటర్‌కి కళ్లు లేవు కదా, మనం చెప్పిందే నమ్ముతుంది, మ్యాట్ బ్లాక్ వేసేసింది. గ్రానైట్ నల్లగా కాకుండా బొగ్గు పూసినట్టు వచ్చింది, వేలితో రుద్దితే వేలికి అంటుకుంది. కాగితం రకం సరిగ్గా ఎంచుకోవడం అన్నది ఏదో చిన్న సెట్టింగు అనుకోకండి, ఏ నలుపు వాడాలి, ఎంత ఇంకు వేయాలి అన్నదంతా దాని మీదే ఉంటుంది.

రంగు ఎవరు చూసుకోవాలి

ఒక్కరే చూసుకోవాలి, అంతే. ఫొటోషాప్‌లో ప్రింట్ ఇచ్చేటప్పుడు 'ఫొటోషాప్ మేనేజెస్ కలర్స్' పెట్టి, ఆ కాగితానికి సంబంధించిన ఐసీసీ ప్రొఫైల్ (ఆ ప్రింటర్, ఆ కాగితం కలిస్తే రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) ఎంచుకుంటే, ప్రింటర్ డ్రైవర్‌లో, అంటే ప్రింటర్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో, రంగు సవరణ పూర్తిగా ఆపేయాలి. రెండూ ఆన్‌లో ఉంటే ఒకసారి సవరించిన రంగుని ఇంకోసారి సవరిస్తారు, ముఖాలు ఎర్రబడి జాతరలో రంగునీళ్లు చల్లినట్టు వస్తాయి. వేరే కంపెనీ కాగితం కొంటే దాని ప్రొఫైల్ సాధారణంగా ఆ కంపెనీ సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది, మీ ప్రింటర్ మోడల్ చూసి దింపుకోండి. రెండరింగ్ ఇంటెంట్ అని ఒకటి అడుగుతుంది, అంటే ప్రింటర్‌కి అందని రంగుల్ని ఎలా సర్దాలన్నది, మామూలు ఫొటోలకి రిలేటివ్ కలరిమెట్రిక్ చాలు, పట్టుచీరల లాంటి గాఢమైన రంగులు ఎక్కువుంటే పర్సెప్చువల్ కూడా పెట్టి చూసి ఏది బాగుంటే అది ఉంచుకోండి.

ఇంకో మాట, ప్రింటుని ట్యూబ్‌లైటు కింద చూసి తీర్పు చెప్పకండి. పగలు కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట చూడండి. ఆ తర్వాత అది ఏ గోడకి వేలాడుతుందో ఆ లైటు కింద కూడా ఒకసారి చూడండి.

మన తేమ, మన కాగితం

నెల్లూరు, కావలి, ఒంగోలు, ఎక్కడైనా సముద్రం గాలి తగిలే ఊళ్లే మనవి, పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, వాయుగుండాలు. ముసురు పట్టిన వారంలో ట్రేలో పది షీట్లు వదిలేసి పడుకున్నాను, తెల్లారి చూస్తే అంచులు అప్పడంలా లేచాయి. అయినా ప్రింట్ ఇచ్చాను, లేచిన అంచుకి హెడ్ రాసుకుని నల్ల గీత పడింది. కాగితం పోతే పోయింది, హెడ్డుకి దెబ్బ తగిలితే ఆ ఖర్చు వేరు. అప్పటినుంచి ఒక్కో షీటే తీస్తున్నాను, మిగతావి వచ్చిన కవర్లోనే సిలికా జెల్ పొట్లం వేసి మూసి, బీరువాలో పడుకోబెట్టి ఉంచుతున్నాను. నిలబెడితే వంగిపోతాయి.

తీసిన ప్రింటుని వెంటనే ఫ్రేమ్ కట్టించొద్దు. పట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది కానీ ఇంకులోని ద్రవం ఇంకా ఆవిరవుతూ ఉంటుంది, ఆ పూటే అద్దం వేస్తే లోపల పొగమంచులా పొర కడుతుంది. ఒక రోజంతా ఆరనివ్వండి, ముసురు రోజుల్లో రెండు. ఫ్రేమ్ షాపులో తొందరపెడతారు, పెట్టనివ్వండి. అద్దం ప్రింటుకి నేరుగా తగలకుండా మధ్యలో మౌంట్ బోర్డు (ఫొటో చుట్టూ వేసే మందపాటి అట్ట) వేయమని గట్టిగా చెప్పండి, తేమకి అద్దం అంటుకుపోతే ఆ ఫొటో మళ్లీ ఊడి రాదు.

రోజువారీ సంగతులు

ప్రింటర్‌ని దాని బటన్‌తోనే ఆపండి, గోడ స్విచ్‌తో కాదు. బటన్ నొక్కితే హెడ్ వెళ్లి తన మూత మీద కూర్చుంటుంది, గోడ దగ్గర ఆపేస్తే మధ్యలో ఎక్కడో ఆగి నాజిల్స్ ఎండిపోతాయి. ప్రింట్ మధ్యలో కరెంటు పోతే జరిగేదీ అదే, రాగానే ఆన్ చేసి మళ్లీ పద్ధతిగా ఆపండి. వారానికోసారి ఏదో ఒక రంగుల ఫొటో చిన్న సైజులోనైనా తీయండి, ముఖ్యంగా రోహిణి కార్తె ఎండల్లో. గీతలు కనిపిస్తే ముందు నాజిల్ చెక్, అందులో ఖాళీలు ఉంటేనే క్లీనింగ్, డీప్ క్లీనింగ్ ఆఖర్న. క్లీనింగ్ అంటే ఇంకుని పారబోయడమే.

నాకు ముందు అయిపోవచ్చింది ఫొటో మెజెంటా, తర్వాత గ్రే. పదిలో ఒక్కటి అయిపోయినా పని ఆగుతుంది, ఒంగోలులో ఈ కార్ట్రిడ్జ్‌లు అడగ్గానే కౌంటర్ మీద పెట్టిన షాపు నాకు దొరకలేదు. వార్నింగ్ వచ్చిన రోజే ఆర్డర్ పెట్టుకోండి, పెళ్లిళ్ల సీజన్లో అయితే ఆ రెండు రంగులూ ఒక్కొక్కటి అదనంగా ఉంచుకోండి.