కాన్ఫిగర్ స్క్రిప్ట్ "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అని ఆగిపోతే: నా అనుభవం

విండోస్‌లో గిట్ (కోడ్ మార్పులను భద్రపరిచే సాధనం) ద్వారా క్లోన్ చేసిన సోర్స్‌ను డబ్ల్యుఎస్‌ఎల్‌లో (విండోస్‌లోనే లినక్స్‌ను నడిపే సదుపాయం) బిల్డ్ చేయబోతే, బిల్డ్‌కు ముందు సిస్టమ్‌ను సరిచూసే కాన్ఫిగర్ స్క్రిప్ట్ "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అంటూ మొదటి పంక్తి దగ్గరే ఆగిపోయేది. ఫైలు అనుమతులు మార్చినా, బ్యాష్‌ను, కంపైలర్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేసినా ఫలితం లేకపోయింది.

అసలు కారణం, విండోస్‌లోని గిట్ ప్రతి పంక్తి చివరా చేర్చిన, కంటికి కనిపించని క్యారేజ్ రిటర్న్ అక్షరం (విండోస్ పద్ధతి పంక్తి ముగింపులో భాగం). అది మొదటి పంక్తిలోని ఇంటర్‌ప్రెటర్ (స్క్రిప్ట్‌ను నడిపే ప్రోగ్రామ్) పేరుకు అంటుకోవడంతో, లినక్స్‌కు ఆ ప్రోగ్రామ్ దొరకలేదు. ముందుగా నా మార్పులన్నీ కమిట్ చేసి (గిట్‌లో భద్రపరిచి), ఆ సోర్స్ రిపాజిటరీలో కోర్ డాట్ ఆటోసీఆర్‌ఎల్ఎఫ్ సెట్టింగును, ఫైళ్లు తెచ్చేటప్పుడు గిట్ ఆ అక్షరాన్ని చేర్చకుండా 'ఇన్‌పుట్'గా మార్చాను. తరువాత గిట్ ఆర్ఎమ్‌ను 'క్యాష్‌డ్', 'ఆర్' ఆప్షన్లతో అన్ని ఫైళ్లపై నడిపి ఇండెక్స్‌ను (గిట్ గమనించే ఫైళ్ల జాబితా) ఖాళీ చేసి, గిట్ రీసెట్ హార్డ్‌తో ఫైళ్లను మళ్లీ తెప్పించాను. ఈ వరుస తప్పకూడదు; ఇండెక్స్ ఖాళీ కాకపోతే, ఫైళ్లు మారలేదనుకుని గిట్ వాటిని ముట్టుకోదు (నా మొదటి ప్రయత్నం ఇలాగే చెడింది). ఆపై కాన్ఫిగర్ సాఫీగా నడిచింది.

అయితే రిపాజిటరీలోనే సీఆర్‌ఎల్ఎఫ్ పంక్తులు (ముగింపులో క్యారేజ్ రిటర్న్ ఉన్నవి) కమిట్ అయి ఉంటే, ఈ పద్ధతి పనిచేయదు.