నాలుగు కోట్ల అంకెల సంఖ్య ప్రధానమా కాదా? తేల్చేది ఎలా?

ప్రధాన సంఖ్యను పట్టుకోవడానికి బడిలో నేర్పిన దారి ఒకటే: 2, 3, 5, 7 అంటూ భాగించుకుంటూ పోవడం. 127కి అది చాలు. 2024 అక్టోబరులో బయటపడ్డ 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1కి మాత్రం ఆ దారి పనికిరాదు. దానికి 4,10,24,320 అంకెలు! అయినా అది ప్రధాన సంఖ్యేనని ఖాయం చేసిన పరీక్షను చిన్న సంఖ్య మీద మీరే కాగితం, పెన్నుతో చేసి చూడొచ్చు.

ముందు సంఖ్య ఆకారం చూడండి. 2 ఘాతంలోంచి 1 తీసేస్తే వచ్చే మెర్సెన్ సంఖ్యలకే ఈ పరీక్ష. ఘాతాంకం ప్రధాన సంఖ్య కాకపోతే అక్కడే ఆపేయండి, ఆ పెద్ద సంఖ్య కూడా కాదు.

ఇప్పుడు ఘాతాంకం 7 తీసుకుందాం. 2⁷ − 1 అంటే 127. మొదట 4 రాసుకోండి. దాన్ని వర్గం చేసి 2 తీసేయండి. వచ్చినదాన్ని 127తో భాగిస్తే మిగిలే శేషంతో మళ్లీ అదే పని. ఘాతాంకం కంటే రెండు తక్కువ సార్లు, అంటే ఇక్కడ 5 సార్లు చేయాలి.

4 → 14 → 67 → 42 → 111 → 0

చివర సున్నా వచ్చిందా, ప్రధాన సంఖ్యే. (నేను మొదటిసారి చేసినప్పుడు మధ్యలో ఒకచోట 2 తీసేయడం మరిచిపోయి, 127 మీదే అనుమానపడ్డాను.)

అసలు అందం శేషం తీయడంలో ఉంది. 67 వర్గంలోంచి 2 పోతే 4487. దీన్ని 127తో భాగించనక్కర్లేదు. ఇందులో 128లు 35 ఉన్నాయి, పైన 7 మిగిలింది. 35, 7 కలిపితే 42, అదే శేషం! 128 అంటే 127 కంటే ఒకటి ఎక్కువ కాబట్టి ఒక్కో 128 ఒక్కో ఒకటిని మిగులుస్తుంది. 111 వర్గంలోంచి 2 పోతే వచ్చే 12319లోనూ అంతే: 128లు 96, మిగిలింది 31, కలిపితే సరిగ్గా 127, అంటే సున్నా. కంప్యూటరుకు 128లు లెక్కపెట్టడం బైనరీ (0, 1లతో రాసే) అంకెలను రెండు ముక్కలు చేయడమే, అందుకే కోట్ల అంకెలైనా భాగహారం బాధ ఉండదు. ఇక దాని కష్టమంతా వర్గం చేయడంలోనే.

ఈ పద్ధతికి మూలపురుషుడు ఫ్రెంచి గణితవేత్త ఎడ్వర్డ్ లూకా. 1876లో 39 అంకెల 2¹²⁷ − 1ని ఆయన కంప్యూటర్ లేకుండానే తేల్చాడు. తర్వాత అమెరికా గణితవేత్త లెహ్మర్ దీన్ని ఇప్పటి రూపానికి తెచ్చాడు.

ఇక ఘాతాంకం 11తో చేసి చూడండి. 2047ని పట్టుకుని 9 సార్లు తిప్పితే చివర 1736 మిగులుతుంది. సున్నా రాలేదు, ప్రధానం కాదు. నిజానికి 2047 అంటే 23 × 89. కానీ ఆ 1736ని ఎంత తిరగేసినా 23 గానీ 89 గానీ కనిపించవు. అవి కావాలంటే వేరే దారిలో వెతుక్కోవాల్సిందే.