వల గుండ్లకు సీసం కరిగించే ముందు

గోపాలపూర్ తీరంలో విసురు వలకు గుండ్లు సొంతంగా పోసుకునే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పొయ్యి వెలిగించక ముందే చదవండి.

అన్నిటికంటే ముందు తడి సంగతి చూసుకోండి. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందులో నీటి చుక్క మునిగితే క్షణంలో ఆవిరై 1,600 రెట్లకు పైగా ఉబ్బి, కరిగిన లోహాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. సముద్రపు గాలికి ఇక్కడ ఏదీ తొందరగా ఆరదు. అచ్చును, గరిటెను పొయ్యి పక్కన పెట్టి బాగా వేడెక్కనివ్వండి. పాత వల నుంచి కోసిన గుండును చేతిలోకి తీసుకుని చూడండి: రంధ్రంలో ఇరుక్కున్న తాడు ముక్క పైకి పొడిగా కనిపిస్తుంది, లోపల ఉప్పునీరు ఉంటుంది. అలాంటి ఒక్క గుండు వల్లే నా మోచేతి మీద పెసరగింజంత మచ్చ మిగిలింది. పుల్లతో పొడిచి తాడు తీసేయండి. కరిగిన సీసంలోకి కొత్త ముక్క వేయకండి. అన్నీ చల్లని పాత్రలోనే పెట్టి మొదలుపెట్టండి. మబ్బు పడితే ఆ రోజుకు పని మానేయండి.

పాత్ర మందపాటి ఇనుముదై ఉండాలి, దాన్ని మళ్లీ వంటకు వాడకూడదు. కళ్లద్దాలు, నూలు బట్టలు, మూసి ఉండే బూట్లు తప్పనిసరి.

పాత బ్యాటరీ పలకలు ఎంత చవకగా దొరికినా వద్దు. వాటిలో ఆమ్లం ఉంటుంది, విషవాయువులు వస్తాయి.

పిల్లలను దగ్గరికి రానివ్వకండి. సీసం వారి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పైన తేలే బూడిదరంగు తెట్టును ఇసుకలో పారేయకుండా మూత ఉన్న డబ్బాలో వేయండి. గాలి వీపు వైపు నుంచి వీచేలా ఆరుబయట కూర్చోండి. సబ్బుతో చేతులు కడిగాకే బీడీ అయినా, టీ అయినా. ఆ బట్టలను ఇంటిల్లిపాది బట్టలతో కలిపి ఉతకకండి.