గేమ్ ఐడీ బ్యాన్ అయ్యిందని వచ్చేవాళ్లను నేను అడిగే ప్రశ్నలు

రాజోలులో నాది చిన్న నెట్ సెంటర్. పింఛను కాగితాలు, ఆధార్ ప్రింట్లు, కాలేజీ దరఖాస్తులు, గల్ఫ్ వెళ్లేవాళ్ల ఫారాలు చేసి పెడుతుంటాను. సాయంత్రం అయ్యేసరికి వీటి మధ్యలో కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని దిగుతారు. "అక్కా, ఐడీ బ్యాన్ అయిపోయిందండి, ఓ లెటర్ కొట్టి పెట్టండి" అంటారు. నేను ఆటలు ఆడను. అర్జీ రాయడం నా పని కాబట్టి ఇవి కూడా నా టేబుల్ మీదకే వచ్చి పడ్డాయి.

లెటర్ సంగతి తర్వాత, ముందు స్క్రీన్ మీద ఏం రాసి ఉందో చెప్పమంటాను. చాలామంది చెప్పలేరు. ఎర్ర అక్షరాలు కనపడగానే భయపడి ఓకే నొక్కేసి ఉంటారు. మళ్లీ లాగిన్ చేయించి ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీయిస్తాను. ఐడీ ఏ ఈమెయిల్‌తో తెరిచారో ఆ ఇన్‌బాక్స్, స్పామ్ ఫోల్డర్ రెండూ చూడమంటాను. నిజంగా సస్పెండ్ చేస్తే కంపెనీలు సాధారణంగా మెయిల్ పంపుతాయి. ఏ నియమం కింద, ఎన్నాళ్లు అన్నది అందులోనే ఉంటుంది. అది చూడకుండా రాసే లెటర్ గాల్లో రాసినట్టే.

నా దగ్గరికి వచ్చేవాటిలో చాలా వరకు అసలు బ్యాన్లే కావు. మా వైపు ఈదురుగాలి వస్తే కొబ్బరి మట్ట తీగ మీద పడి కరెంటు పోతుంది, దాంతో వైఫై పోతుంది. ఆడుతున్న మ్యాచ్ మధ్యలో ఆగిపోతుంది. కౌంటర్ స్ట్రైక్ లాంటి ఆటలకు మీరు కావాలని వదిలేశారా, కరెంటు పోయిందా అన్న తేడా తెలియదు. కౌంటర్ స్ట్రైక్‌లో అయితే మొదటిసారి 30 నిమిషాలు, తర్వాత 2 గంటలు, ఆపైన 24 గంటలు, చివరికి 7 రోజులు ర్యాంక్ మ్యాచ్‌లు ఆడనివ్వదు. దాన్ని కూల్‌డౌన్ అంటారు. దీనికి లెటర్లు అవసరం లేదు, ఆ సమయం గడవనివ్వాలి. కొన్నాళ్లు మ్యాచ్‌లు వదలకుండా ఆడితే శిక్ష మెట్టు కూడా తగ్గుతుంది. వానాకాలంలో ర్యాంక్ మ్యాచ్‌లు మొబైల్ డేటా మీద ఆడుకోండి, లేదా రూటర్‌కు చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టుకోండి.

బీజీఎంఐ, అంటే మన దేశం కోసం తెచ్చిన పబ్జీ, ఆడే పిల్లలది ఇంకో రకం. ప్రభుత్వం ఆపించాక 2023 మేలో ఆ ఆట తిరిగి వచ్చినప్పుడు 18 ఏళ్ల లోపు వాళ్లకు రోజుకు 3 గంటలే అని పెట్టారు. ఆ మూడు గంటలు అయిపోగానే ఆట ఆగుతుంది, వీడు బ్యాన్ అనుకుంటాడు. ఆ సంగతి చెబితే వెంట వచ్చిన అమ్మగారి మొహం వెలిగిపోతుంది, వీడి మొహం మాడిపోతుంది.

ప్రభుత్వం ఆపినవీ ఉంటాయి. 2020 సెప్టెంబరు 2న పబ్జీతో కలిపి 118 యాప్‌లను కేంద్రం ఆపేసింది. 2022 జూలైలో బీజీఎంఐని కూడా యాప్ స్టోర్ల నుంచి తీయించింది. అలాంటప్పుడు మీ ఐడీ మీద ఏ మచ్చా ఉండదు. రమ్మీ, పేకాట యాప్‌లు మన రాష్ట్రంలో 2020 నుంచే నిషేధం. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ దేశమంతటా ఆగిపోయాయి. "రమ్మీ ఐడీ లాక్ అయ్యింది, తెరిపించండి" అని వచ్చేవాళ్లకు నేను చేయగలిగేది లేదు. లోపల మిగిలిన డబ్బు ఉంటే వెనక్కి తీసుకునే దారి ఆ యాప్‌లోనే వెతుక్కోవాలి.

ఇక లాక్. మా కోనసీమలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు కాబట్టి ఇది ఎక్కువ చూస్తాను. అన్నయ్య కువైట్ నుంచి టీవీకి తగిలించి ఆడే ప్లేస్టేషన్ పంపిస్తాడు. ఖాతా అక్కడే, తన ఈమెయిల్‌తో, తన కువైట్ నంబరుతో తెరిచి ఉంటాడు. అదే ఖాతా అన్న అక్కడ, తమ్ముడు ఇక్కడ వాడుతుంటారు. ఒకే రోజు రెండు దేశాల నుంచి లాగిన్ కనపడితే ఎవరో దొంగిలించారేమోనని కంపెనీ లాక్ చేయొచ్చు. ఇది శిక్ష కాదు, కాపలా. తెరవాలంటే ఓటీపీ కావాలి. అది పోయేది కువైట్ నంబరుకు. ఆ అన్నేమో కంపెనీ మారి సిమ్ కూడా మార్చేసి ఉంటాడు.

దీనికి దారి ఉంది. అన్నకు ఆ ఈమెయిల్ ఇంకా తెరుచుకుంటుందేమో ముందు కనుక్కోండి. తెరుచుకుంటే ఆయన డ్యూటీ దిగాక వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి. మనకు రాత్రి తొమ్మిదైతే అక్కడ ఆరున్నర. ఓటీపీ కొద్ది నిమిషాలే పని చేస్తుంది కాబట్టి ఇద్దరూ ఒకేసారి లైన్లో ఉండాలి. లోపలికి వెళ్లగానే ఫోన్ నంబరు మార్చి, ఓటీపీ రాకపోయినా లోపలికి వెళ్లనిచ్చే బ్యాకప్ కోడ్లు తీసి కాగితం మీద రాసుకోండి. ఈమెయిల్ కూడా పోయి ఉంటే సపోర్ట్ వాళ్లు ఖాతా మీదేనని నిరూపించమంటారు. ఎప్పుడు తెరిచారు, ఏం కొన్నారు, ఏ కార్డుతో కొన్నారు, పెట్టె మీద సీరియల్ నంబరు ఎంత అని అడగొచ్చు. ఆ పెట్టె అటక మీద ఉంటుంది, పారేయకండి. ఇంకో విషయం. ఖాతా కువైట్‌ది అయితే స్టోరు కూడా కువైట్‌దే. ఇక్కడి కార్డు పడదు. అది పడక ఎక్కడో చౌకగా దొరికిన గిఫ్ట్ కోడ్ కొని ఎక్కిస్తారు. ఆ కోడ్ దొంగ కార్డుతో కొన్నదని తేలితే అప్పుడు వచ్చేది లాక్ కాదు, సస్పెన్షనే.

ప్లేస్టేషన్‌లో మెసేజ్ పక్కన ఉండే కోడ్ చదివితే సగం పని అయిపోతుంది. డబ్ల్యూఎస్-37397-9 అని వస్తే ఆగింది మీ ఐపీ అడ్రస్ (నెట్ కనెక్షన్‌కు ఉండే నంబరు), ఖాతా కాదు. ఒకే కనెక్షన్ కొన్ని ఇళ్లు పంచుకునే చోట, పక్కవాడు చేసిన పనికి మీకు కూడా ఇది తగలొచ్చు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి చూడండి, వేరే చోటు నుంచి వచ్చినట్టు చూపే వీపీఎన్ ఉంటే తీసేయండి. డబ్ల్యూఎస్-37368-7 అని వస్తే ఆగింది ఖాతాయే.

నిజమైన సస్పెన్షన్లలో నాకు ఎక్కువ తలనొప్పి తెచ్చేవి డబ్బువి. మలికిపురం నుంచి ఓ కొబ్బరి వ్యాపారి వచ్చారు. బ్యాంకు స్టేట్‌మెంట్లో చిన్న చిన్న మొత్తాలు వరుసగా కోసేసి ఉన్నాయి. ఆయన నేరుగా బ్యాంకుకు వెళ్లి ఈ డబ్బు నేను కట్టలేదని రాసిచ్చారు. కట్టింది కొడుకు, ఆటలో టాపప్ కోసం. బ్యాంకు డబ్బు వెనక్కి లాగగానే ఆ గేమ్ వాళ్లు ఐడీ మూసేశారు. అబ్బాయి ఏడుపు, నాన్నగారి కోపం, ఇద్దరూ నా ఎదుటే.

కంపెనీ వైపు నుంచి చూస్తే సరుకు పట్టుకెళ్లి డబ్బు వెనక్కి తీసుకున్నట్టు లెక్క. ప్లేస్టేషన్‌లో అయితే ఇలా వెనక్కి పోయిన మొత్తం కట్టేదాకా ఖాతా తెరవరు. కొన్ని ఆటల్లో ఐడీలోని జెమ్స్ (ఆటలో వాడే డబ్బు) మైనస్‌లోకి వెళ్లిపోతాయి. అందుకని ఇంట్లో పిల్లవాడు కొన్నాడని తెలిస్తే మోసం జరిగిందని బ్యాంకులో ఫిర్యాదు పెట్టకండి, అది అబద్ధం కూడా అవుతుంది. గూగుల్ ప్లేలో కొని 48 గంటలు దాటకపోతే అక్కడే రీఫండ్ అడగండి. దాటితే గేమ్ సపోర్ట్‌కు రాయండి. డబ్బు వెనక్కి వస్తే కొన్నది పోతుంది, ఒక్కోసారి ఐడీ కూడా పోతుంది. డబ్బు కావాలా, ఐడీ కావాలా అన్నది ఇంట్లో ముందే తేల్చుకుని రండి.

తర్వాత చీటింగ్. "నేనేం చేయలేదక్కా, ఇవాళ అసలు ఆడనే లేదు" అంటారు. ఇవాళ ఆడకపోవచ్చు. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో వ్యాక్ అనే కాపలా 2002 నుంచి ఉంది. అది హ్యాక్‌ను (ఆటలో మోసం చేసే సాఫ్ట్‌వేర్‌ను) పట్టుకున్న రోజే బ్యాన్ వేయదు, కొన్నాళ్లు ఆగి అందరికీ ఒకేసారి వేస్తుంది. వెంటనే వేస్తే హ్యాక్ అమ్మేవాడికి ఏది దొరికిపోయిందో తెలిసిపోయి మార్చేసుకుంటాడు. ఆ బ్యాన్ శాశ్వతం, సపోర్ట్ వాళ్లు కూడా తీయలేమనే చెబుతారు. పొరపాటున పడిందని వాళ్లకే తేలితే దానంతటదే పోతుంది. కొన్న మిగతా ఆటలు పోవు. పబ్జీ మొబైల్‌లో హ్యాక్‌కు పదేళ్ల బ్యాన్ వేస్తారు. పదో తరగతి వాడికి పదేళ్లంటే ఉద్యోగం వెతుక్కునే వయసు వచ్చేదాకా అన్నమాట.

ఇంట్లోవాళ్లతో ఆటలు పంచుకునే స్టీమ్ ఫ్యామిలీలో మీరు కొన్న ఆటను తమ్ముడు మీ కాపీ మీద ఆడుతూ చీటింగ్ చేస్తే ఆ ఆటలో మీకూ బ్యాన్ పడుతుంది. అన్నదమ్ములు గొడవ పడాల్సింది అప్పుడు కాదు, షేరింగ్ పెట్టే ముందే.

హ్యాక్ వాడావా అంటే ఎవడూ ఒప్పుకోడు. ప్లే స్టోర్‌లో కాకుండా వేరేచోట నుంచి ఏపీకే (యాప్ ఫైలు) ఏమైనా ఎక్కించావా, ఐడీ ఎవరి దగ్గరైనా కొన్నావా, ర్యాంక్ పెంచమని ఎవరికైనా పాస్‌వర్డ్ ఇచ్చావా అని అడుగుతాను. "ఆయ్, ఏపీకే ఒకటుందండి" అని అప్పుడు బయటపడుతుంది. అలాంటివాళ్లకు లెటర్ కొట్టను. కంపెనీ దగ్గర రికార్డు ఉంటుంది, మనం రాసే కథకు విలువ ఉండదు.

సెకండ్‌హ్యాండ్ సామాను కొనేవాళ్లకు కూడా ఒక మాట. వాలొరెంట్ అనే కంప్యూటర్ ఆటలో వ్యాన్ 152 అనే కోడ్ వస్తే ఆగింది కంప్యూటరే. పాత యజమాని చేసిన దానికి మీరు కొత్త ఐడీ తెరిచినా లాభం ఉండదు. ప్లేస్టేషన్‌లో కూడా అలాగే ఐడీని కాకుండా ఆ మెషిన్‌నే ఆపగలరు. రాజమండ్రిలో కొన్నా భీమవరంలో కొన్నా, డబ్బు చేతికిచ్చే ముందు అక్కడే నెట్ పెట్టించి మీ ఐడీతో లాగిన్ అయి ఒక ఆట ఆడి చూడండి.

తిట్ల మీద పడే సస్పెన్షన్లు తక్కువ కాలానివి. మైక్రోసాఫ్ట్ వాళ్ల గేమ్ మెషిన్ ఎక్స్‌బాక్స్‌లో 2023 ఆగస్టు నుంచి స్ట్రైకుల పద్ధతి, అంటే తప్పు చేస్తే మచ్చ వేసే పద్ధతి నడుస్తోంది. ఒక్కో స్ట్రైకు 6 నెలలు ఉంటుంది, ఎనిమిది పడితే ఏడాది పాటు ఎవరితోనూ మాట్లాడలేరు, కలిసి ఆడలేరు. తెలుగులో తిడితే వాళ్లకు అర్థం కాదనుకునే వీరులు ఉన్నారు. రిపోర్ట్ కొట్టే ఎదుటివాడు కూడా తెలుగువాడే అయి ఉంటాడు, చూసుకోండి.

ఇప్పుడు అర్జీ. ఆట లోపల, లేదా కంపెనీ సొంత సైట్లో ఉండే సపోర్ట్ పేజీ నుంచే పంపాలి. ఒక్కటే టికెట్ (ఫిర్యాదు) పెట్టాలి. రోజుకొకటి పెడితే కొన్నిచోట్ల మళ్లీ వరుస చివరికి పోతారు. నేను ముందు తెలుగులో ఇలా రాయించి తర్వాత ఇంగ్లిష్‌లోకి మారుస్తాను:

"నా ప్లేయర్ ఐడీ ఇది. ఖాతా ఈమెయిల్ ఇది. ఫలానా తేదీన, ఫలానా సమయానికి ఈ మెసేజ్ వచ్చింది, స్క్రీన్‌షాట్ జత చేశాను. ఆ వారంలో నా ఖాతా ఈ ఫోన్లో తప్ప ఎక్కడా వాడలేదు. తెలియని చోటు నుంచి లాగిన్ అయినట్టు ఫలానా రోజు మెయిల్ వచ్చింది, అదీ జత చేశాను. దయచేసి మరొకసారి పరిశీలించి, ఏ నియమం కింద ఆపారో తెలియజేయగలరు."

అంతే. ఎన్నేళ్ల నుంచి ఆడుతున్నారో, ఎంత బాధపడుతున్నారో అవసరం లేదు. లాయర్‌ని పెడతామని బెదిరించినా ఫలితం ఉండదు. సమయం రాసేటప్పుడు మన టైమ్ అని స్పష్టంగా పెట్టండి. జవాబు రాకపోతే యాప్ ప్రైవసీ పాలసీ చివర ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఈమెయిల్ ఉందేమో చూడండి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 7 రోజుల్లో తేల్చాలి. తేల్చడమంటే మీకు అనుకూలంగా తేల్చడమని కాదు, జవాబైతే రావాలి.

ఈలోపు టెలిగ్రామ్‌లో "అన్‌బ్యాన్ చేస్తాం, ఐదు వందలు" అనేవాళ్లు దొరుకుతారు. "నేను సపోర్ట్ వాడిని, పొరపాటున నీ మీద రిపోర్ట్ కొట్టాను, పాస్‌వర్డ్ ఇస్తే సరిచేస్తా" అని ఆటలాడేవాళ్లు చాటింగ్ చేసుకునే డిస్కార్డ్‌లో పలకరించేవాడూ ఉంటాడు. ఏ కంపెనీ సపోర్ట్ మనిషీ చాటింగ్‌లో వచ్చి పాస్‌వర్డ్, ఓటీపీ అడగడు. ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే నా దగ్గరికి రావడానికి ముందే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. యూపీఐ లావాదేవీ నంబరు, పంపిన సమయం, అవతలివాడి యూపీఐ ఐడీ దగ్గర పెట్టుకోండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆపడానికి అంత వీలుంటుంది. చాట్ మాత్రం చెరపకండి, స్క్రీన్‌షాట్లు తీసి తెస్తే ప్రింట్లు నేను తీసిపెడతాను.