కమిటీ తేల్చేలోపు వాన వచ్చేస్తుంది: అపార్ట్‌మెంట్ వాళ్ళు ఇప్పుడే తీసుకోవలసిన జాగ్రత్తలు

మాది విజయవాడ పటమటలో అయిదో అంతస్తు ఫ్లాటు. పైన టెర్రస్సే. ఒక ఆగస్టులో పడకగది ఫ్యాను కొక్కెం చుట్టూ తుప్పు రంగు మరక కనిపించింది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కమిటీ సెక్రటరీ గారికి ఫోన్ చేస్తే "ఈ నెల మీటింగులో పెడతానండీ" అన్నారు. ఆ నెల కోరం లేదు, మీటింగుకి చాలినంత మంది రాలేదు. పై నెల కొటేషన్లు రాలేదు. ఆ తర్వాత ట్రెజరర్ గారింట్లో పెళ్ళి. అక్టోబరులో ఒక రాత్రి రెండున్నరకి అరచెయ్యంత పెచ్చు ఊడి మా అమ్మాయి దిండు పక్కన పడింది. పాప గోడవైపు ఒత్తిగిలి పడుకుంది కాబట్టి సరిపోయింది. లైటు వేసి చూస్తే స్లాబులోని ఇనుప చువ్వ బయటపడి, పొరలు పొరలుగా విచ్చుకుని ఉంది.

కమిటీ వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. జీతం లేకుండా, ఉద్యోగాలు చేసుకుంటూ చూస్తున్నారు. కానీ వాన వాళ్ళ తీరిక చూసుకుని రాదు. అందుకే రోహిణి కార్తె ఎండ ఉండగానే, మృగశిర రాకముందే మన పని మనం చేసుకోవాలి.

ముందు ఒక ఆదివారం పొద్దున చేతికర్ర పట్టుకుని ఇల్లంతా, మెట్లు, సెల్లార్ తిరగండి. చెమ్మ ఉన్న చోట స్లాబును కర్రతో మెల్లగా తట్టండి. గట్టి చోట టక్కుమంటుంది, లోపల విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. డొల్లగా మోగిన చోట కింద ఆ రోజు నుంచే మంచం, ఊయల, చదువుకునే బల్ల ఉండకూడదు. ఊడేలా ఉన్న పెచ్చుల్ని మేస్త్రీతో కొట్టించి దింపేయండి. దీనికి కమిటీ తీర్మానం కోసం ఆగొద్దు. కొట్టించే ముందు మాత్రం ఫొటోలు తీసిపెట్టండి. తుప్పుపట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీటును బయటికి తోస్తుంది. చువ్వను శుభ్రం చేసి పూత వెయ్యకుండా పైన పుట్టీ పెట్టి రంగు కొట్టిస్తే జబ్బు లోపలే ఉంటుంది, మరకే పోతుంది. అమ్మకానికో అద్దెకో ఇచ్చే ముందు చాలామంది చేసేది ఇదే, దయచేసి చెయ్యకండి.

పగుళ్ళన్నీ ఒకటి కావు. ప్లాస్టరింగు మీద సాలెగూడులా ఉండే సన్నటి గీతలకు భయపడక్కర్లేదు. సెల్లార్ పిల్లర్‌లో చువ్వ వెంట నిలువుగా వచ్చిన బీట, పిల్లర్ దగ్గర దూలంలో ఏటవాలుగా వచ్చిన బీట కనిపిస్తే మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవాల్సిందే. ఆయన ఫీజు కోసం జనరల్ బాడీ దాకా ఆగకుండా, అవసరమైతే నాలుగు ఫ్లాట్ల వాళ్ళు కలిసి వేసుకోండి. పగులు రెండు కొసల్లో పెన్సిల్‌తో అడ్డగీత గీసి పక్కన తేదీ రాయండి. గీత దాటి పగులు సాగిందంటే, ఆ ఫొటో ముందు "తర్వాత చూద్దాం" అనే మాట నిలవదు.

నేను చేసిన తప్పు కాగితం మీద పెట్టకపోవడం. వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఫొటో సాయంత్రానికి గుడ్ మార్నింగుల కింద పడిపోతుంది. ఎక్కడ, ఏమిటి, ఎప్పటినుంచి, ఏ తేదీలోపు చెయ్యాలి అని ఒక పేజీ రాసి, సెక్రటరీ గారికి ఇచ్చి, రెండో కాపీ మీద సంతకం తీసుకోండి. సంతకం పెట్టకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. మీటింగులో మాట్లాడాక మినిట్స్ పుస్తకంలో మీ మాట ఎక్కిందో లేదో చూసుకుని గానీ లేవకండి.

"మీ పైకప్పు, మీరే చేయించుకోండి" అని కింది అంతస్తుల వాళ్ళు అంటారు. మాకూ అన్నారు. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం పునాదులు, స్తంభాలు, దూలాలు, పైకప్పు అందరి ఉమ్మడి. అది చదివి వినిపించండి, కోపంతో కాదు, మామూలుగా. కార్పస్ ఫండ్ (అసోసియేషన్ దాచిన ఉమ్మడి నిధి) చాలకపోతే ముందు నీళ్ళు దిగే చోటు వరకైనా చేయించమనండి. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక టెర్రస్ మీద నీళ్ళు నిలగట్టి, కనీసం ఒక రోజంతా ఉంచి చూశాకే మేస్త్రీకి చివరి బిల్లు ఇవ్వాలి. ఈ ఒక్క షరతు మా డబ్బు కాపాడింది. మొదటిసారి నిలగట్టినప్పుడు మూడు చోట్ల దిగింది.

కొత్త అపార్ట్‌మెంట్ల వాళ్ళకి గడువు మరీ ముఖ్యం. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం ఫ్లాటు స్వాధీనం చేసిన తేదీ నుంచి 5 ఏళ్ళలోపు నిర్మాణ లోపం బిల్డర్ దృష్టికి తెస్తే, 30 రోజుల్లో ఉచితంగా సరిచెయ్యాలి. కమిటీ నాన్చుతూ ఉంటే ఆ అయిదేళ్ళూ అలాగే కరిగిపోతాయి. ఉత్తరం మీరే రాయొచ్చు. ఆ చట్టాన్ని చూసే రాష్ట్ర సంస్థ ఏపీ రెరాలో ఫిర్యాదూ మీరే వెయ్యొచ్చు. అసోసియేషన్ 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరై ఉంటే, లోపలి తగాదా మీద 23వ సెక్షన్ కింద జిల్లా కోర్టుకు వెళ్ళే వీలూ ఉంది. అంతదాకా పోనివ్వకుండా, ఆ సెక్షన్‌ని ఉత్తరంలో ప్రస్తావిస్తే చాలాసార్లు కదలిక వస్తుంది.

ఇక సెల్లార్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్ళు సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపు ఎలా వచ్చాయో మన ఊళ్ళో అందరికీ గుర్తే. సెల్లార్‌లలో బళ్ళు, మోటార్లు, మీటర్ బోర్డులు మునిగిపోయాయి. మీటర్ బోర్డును పైకి మార్చాలంటే విద్యుత్ సంస్థ అనుమతి కావాలి, నెలలు పడుతుంది, కాబట్టి దరఖాస్తు ఇప్పుడే పెట్టించండి. గుంటూరు బ్రాడీపేటలో మా అన్నయ్య వాళ్ళు ఇంకో పని చేశారు: మెయిన్ స్విచ్ ఎవరు ఆపాలో, ఆయన ఊళ్ళో లేకపోతే ఎవరో, రెండు పేర్లు రాసి లిఫ్టు పక్కన అంటించారు. సంపు మోటారు, కాలువ జాలీ మేలోనే శుభ్రం చేయించుకోవాలి. తడి గోడకి ఆనుకున్న స్విచ్ బోర్డు ముట్టుకుంటే జివ్వుమంటే ఇంటి మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. వైర్లు తెగిపడితే 1912కి చెయ్యండి.

నీళ్ళు సెల్లార్‌లోకి రావడం మొదలైతే లిఫ్టును పై అంతస్తులో నిలిపి కరెంటు ఆపాలి. బళ్ళు ముందే ఎత్తైన చోటికి చేర్చాలి. మునిగిన కారును "ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం" అనకండి, ఇంజన్లోకి నీరు వెళ్ళి ఉంటే పూర్తిగా పాడవుతుంది. ఉన్నది ఉన్నట్టు ఫొటోలు తీసి ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పాకే కదిలించండి.