కాలిఫోర్నియాలో ఎయిర్ ప్యూరిఫైయర్ అమ్మాలంటే కార్బ్ సర్టిఫికెట్‌కి దరఖాస్తు ఎలా చేయాలి

హైదరాబాద్‌లో చిన్న కంపెనీ పెట్టి ఎయిర్ ప్యూరిఫైయర్లు తయారు చేస్తున్నా, చైనాలో తయారైన మెషీన్ మీద మీ బ్రాండ్ పేరు వేసుకుని అమెరికాలో ఆన్‌లైన్‌లో అమ్ముదామనుకుంటున్నా, కాలిఫోర్నియా దగ్గర మాత్రం ఒక గేటు ఉంది. ఆ రాష్ట్రానికి ఒక్క పెట్టె పంపాలన్నా ఆ మోడల్‌కి ముందే కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డ్ సర్టిఫికెట్ ఉండాలి. అందరూ దాన్ని కార్బ్ అనే అంటారు, మనమూ అలాగే అందాం. మిగతా రాష్ట్రాల్లో అమ్ముకుని కాలిఫోర్నియాని వదిలేద్దాం అనుకోవచ్చు గానీ, ప్రతి ఏడాదీ కార్చిచ్చుల పొగ కమ్మే రాష్ట్రం అది, ఫ్రీమాంట్, శాన్ హోసే వైపు మనవాళ్ల ఇళ్లలో ప్యూరిఫైయర్ ఇప్పుడు ఫ్రిజ్ లాంటి సామాను. ఆ మార్కెట్‌ని వదులుకోమని ఎవరికీ చెప్పలేం.

అసలు ఈ రూల్ ఎందుకు వచ్చిందో తెలిస్తే దరఖాస్తులో ఏం అడుగుతారో సగం అర్థమైపోతుంది. గాలిని శుద్ధి చేస్తామని చెప్పి ఓజోన్ వదిలే మెషీన్లు అక్కడ ఒకప్పుడు జోరుగా అమ్ముడయ్యేవి. పైన ఆకాశంలో ఎండనుంచి కాపాడే ఓజోన్, పడగ్గదిలో మాత్రం ఊపిరితిత్తులని మంట పెట్టే వాయువు, ఉబ్బసం ఉన్నవాళ్లకి మరీ ప్రమాదం. అందుకని 2006లో కాలిఫోర్నియా ఏబీ 2276 అనే చట్టం చేసింది, దాని కింద కార్బ్ తెచ్చిన నిబంధన 2008 అక్టోబర్ 18న అమల్లోకి వచ్చింది, రెండేళ్ల గడువు తర్వాత 2010 అక్టోబర్ నుంచి సర్టిఫికెట్ లేని మెషీన్ అమ్మకం నిషిద్ధం. మొదట్లో ఏసీ డక్టుల్లో బిగించే ఎలక్ట్రానిక్ రకాలకి మినహాయింపు ఉండేది, 2020 అక్టోబర్ నుంచి అదీ పోయింది. గదిలో పెట్టేవి, కార్లో పెట్టేవి, మెడలో వేసుకునేవి, అన్నీ ఇందులోకే వస్తాయి. "మాది చిన్నది, యూఎస్‌బీతో నడుస్తుంది, మాకెందుకు" అనే మాట చెల్లదు.

ముందు మీ మెషీన్ ఏ రకమో తేల్చుకోండి

ఖర్చునీ ఆలస్యాన్నీ నిర్ణయించేది ఈ ఒక్క విషయమే, కానీ చాలామంది దీన్ని ఆఖర్న చూస్తారు. లోపల ఫ్యాన్, అతి సన్నని ధూళిని పట్టే హెపా ఫిల్టర్, బొగ్గు ఫిల్టర్ మాత్రమే ఉంటే అది మెకానికల్ రకం. దానికి ఓజోన్ పరీక్ష అక్కర్లేదు, విద్యుత్ భద్రత పరీక్ష పాసైతే చాలు, అయితే సర్టిఫికెట్‌కి దరఖాస్తు మాత్రం దానికీ పెట్టాల్సిందే. పరీక్ష లేదు కదా అని దరఖాస్తే మానేసి, ఆన్‌లైన్ స్టోర్ వాడు లిస్టింగ్ ఆపేశాక పరుగులు పెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అయానైజర్, ప్లాస్మా, ఎలక్ట్రోస్టాటిక్ ప్లేట్లు, ఇలా కరెంటు ఆవేశంతో గాలిని శుద్ధి చేసేవి ఏవి ఉన్నా అది ఎలక్ట్రానిక్ రకం, ఓజోన్ పరీక్ష తప్పదు.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఫ్యాక్టరీ వాళ్లు ప్యానెల్ మీద అయానైజర్ బటన్ ఒకటి ఉచితంగా ఇచ్చినట్టే ఇస్తారు, బ్రోషర్‌లో ఒక ఫీచర్ పెరుగుతుంది, మీకూ బాగానే అనిపిస్తుంది. కానీ ఆ ఒక్క బటన్‌తో మీ మెషీన్ మెకానికల్ నుంచి ఎలక్ట్రానిక్‌కి మారిపోతుంది, ల్యాబ్ బిల్లు పెరుగుతుంది, నెలలు పెరుగుతాయి. "మేం ఆఫ్‌లో పెట్టి అమ్ముతాం, కావాలంటేనే కస్టమర్ ఆన్ చేసుకుంటాడు" అని వాదించి లాభం లేదు, ల్యాబ్‌లో దాన్ని ఆన్ చేసే పరీక్షిస్తారు. మంచి హెపా ఫిల్టర్ ఉన్న మెషీన్‌కి అయానైజర్ వల్ల వచ్చే అదనపు లాభం ఏమంత పెద్దది కాదు. తీసేయించండి. బటన్ తీసి లోపల సర్క్యూట్ అలాగే వదిలేయడం కాదు, ఆ సర్క్యూటే ఉండకూడదు.

యూవీ లైటు ఉంటే కాస్త ఆగి ఆలోచించాలి. 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెలిగే లైటు క్రిములని చంపుతుంది, 185 నానోమీటర్ల దగ్గర కూడా వెలిగితే మాత్రం గాల్లో ఆక్సిజన్‌నే ఓజోన్‌గా మారుస్తుంది. లైటు తయారీదారు ఇచ్చే డేటాషీట్ చేతిలో పెట్టుకుని, ఓజోన్ పరీక్ష కావాలో వద్దో ల్యాబ్ ఇంజినీర్‌ని ముందే అడిగేయండి.

విద్యుత్ భద్రత పరీక్ష

రెండు రకాలకీ ఇది తప్పనిసరి. మామూలుగా ఫ్యాన్, ఫిల్టర్ ఉన్న మెషీన్లకి యూఎల్ 507, ఎలక్ట్రోస్టాటిక్ రకాలకి యూఎల్ 867 అనే ప్రమాణాలు. పరీక్ష చేసే ల్యాబ్‌కి అమెరికా ప్రభుత్వ కార్మిక భద్రత సంస్థ ఓషా గుర్తింపు ఉండాలి. యూఎల్, ఇంటర్‌టెక్ లాంటివి ఈ కోవలోవే, ఇంటర్‌టెక్ గుర్తునే మన దగ్గర ఈటీఎల్ అంటారు. ఇక్కడ బాగా జరిగే పొరపాటు ఏమిటంటే, ఫ్యాక్టరీ వాడు సీఈ సర్టిఫికెట్ పంపిస్తాడు, దాన్నే జత చేస్తారు. సీఈ ఐరోపా సంగతి, ఐఎస్ఐ మార్కు మన దేశం సంగతి, కార్బ్‌కి ఈ రెండూ పనికిరావు.

శాంపిల్ పంపేటప్పుడు అది 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కి తయారైన అమెరికా మోడలే అయుండాలి, మన 230 వోల్టుల మెషీన్‌కి ప్లగ్ మార్చి పంపితే కుదరదు. ల్యాబ్ వాళ్లు మొదట అడిగేది విడిభాగాల జాబితా: కరెంటు తీగ, ప్లగ్, అడాప్టర్, మోటారు, ప్లాస్టిక్ బాడీ ఏ గ్రేడ్‌ది, ఒక్కోదాన్నీ ఎవరు తయారు చేశారు, దానికి ఇప్పటికే గుర్తింపు ఉందా. ఈ జాబితా సరిగ్గా ఉంటే పని సగం అయినట్టే, గుర్తింపు లేని అడాప్టర్ ఒక్కటి ఉన్నా దాన్ని విడిగా పరీక్షించాలంటారు, బిల్లు అక్కడ పెరుగుతుంది. ఇంకో మాట, పరీక్ష పాసయ్యాక ల్యాబ్ ఇచ్చే గుర్తింపుని లిస్టింగ్ అంటారు, అది ఒక ఫ్యాక్టరీ చిరునామాకి ముడిపడి ఉంటుంది, ల్యాబ్ తరఫున తనిఖీకి మనుషులు కూడా వచ్చిపోతుంటారు. ఆరు నెలల తర్వాత చవకగా చేస్తున్నాడని వేరే ఫ్యాక్టరీకి మారితే ఆ లిస్టింగ్ మీ వెంట రాదు.

ఓజోన్ పరీక్ష

పరిమితి 0.050 పీపీఎం, అంటే పది కోట్ల పాళ్ల గాలిలో అయిదు పాళ్లు. అంత తక్కువ మోతాదుని కొలవాలి కాబట్టి పరీక్ష ఒక మూసేసిన గదిలో జరుగుతుంది. గోడలు ఓజోన్‌ని పీల్చుకోకుండా ఉండే పదార్థంతో ఉంటాయి, ఉష్ణోగ్రత 25 డిగ్రీల దగ్గర, తేమ 50 శాతం దగ్గర నిలిపి ఉంచుతారు. మెషీన్‌ని రెండు మూడు రోజులు ముందే నడిపించి, కొత్త సామాను వాసనలూ అవీ పోయాక గదిలోకి తెస్తారు. గాలి బయటికి వచ్చే జాలీకి రెండంగుళాల దూరంలో కొలిచే గొట్టం పెట్టి, తలుపు మూసి, ఇక మీటర్‌ని చూస్తూ కూర్చోవడమే, ఈ పరీక్ష 24 గంటల దాకా సాగుతుంది. గది మధ్యలో కాకుండా జాలీ దగ్గరే కొలుస్తారన్న సంగతి గుర్తుంచుకోండి, "మా మెషీన్ పెద్ద హాలుకి ఉద్దేశించింది, గాల్లో కలిసిపోతుంది" అనే సాకు ఇక్కడ పనిచేయదు. ఫ్యాన్ ఏ వేగంలో ఉన్నప్పుడు, ఫిల్టర్ ఉన్నప్పుడా లేనప్పుడా ఓజోన్ ఎక్కువ వస్తుందో ముందు చిన్న పరీక్షలతో తేల్చి, అన్నిటికంటే ఎక్కువ వచ్చే అమరికలోనే అసలు పరీక్ష చేస్తారు. డక్టు రకాలకి పద్ధతి వేరు, గది బదులు డక్టు గొట్టంలో కొలుస్తారు.

అన్ని ల్యాబులూ ఈ పరీక్ష చేయడానికి లేదు, కార్బ్ ఒప్పుకున్న ల్యాబుల జాబితా వాళ్ల వెబ్‌సైట్లో ఉంటుంది. కొటేషన్ అడిగే ముందు ఆ జాబితా చూడండి. తక్కువ రేటు చెప్పిన ల్యాబ్ పేరు అందులో లేకపోతే ఆ రిపోర్టు చిత్తు కాగితమే. రిపోర్టులో 0.048 లాంటి అంకె వస్తే పాసే అనుకోండి, కానీ అంత అంచు మీద ఉన్న డిజైన్‌తో వేల సంఖ్యలో ఉత్పత్తి మొదలుపెట్టడం నాకైతే టెన్షన్, ఒక్కో యూనిట్‌కి కాస్త తేడా వస్తూనే ఉంటుంది.

దరఖాస్తు

ఇంతవరకూ వచ్చాక ఫారం నింపడం పెద్ద పనేం కాదు. కార్బ్ సైట్లో ఎయిర్ క్లీనర్ల పేజీలో మెకానికల్‌కీ ఎలక్ట్రానిక్‌కీ ఏమేం కావాలో ఉంటుంది. తయారీదారు పేరు, చిరునామా, బాధ్యుడి వివరాలు, మెషీన్ గాలిని ఏ పద్ధతిలో శుద్ధి చేస్తుందో వివరణ, ల్యాబ్ ఇచ్చిన లిస్టింగ్ పత్రం, ఎలక్ట్రానిక్ అయితే ఓజోన్ రిపోర్టు, పెట్టె మీద వేయబోయే లేబుల్ నమూనా, సంతకం. ఒకే డిజైన్‌లో రంగు, సైజు లాంటి చిన్న తేడాలున్న మోడళ్లని ఒక గుంపుగా చూపించవచ్చు, వాటిలో ఓజోన్ ఎక్కువ వచ్చే మోడల్‌ని పరీక్షించి ఉండాలి.

ఫైళ్లు ఆగిపోయేది ఎక్కువగా పేర్ల దగ్గర. ల్యాబ్ పత్రంలో "ఏపీ 200" అని, మెషీన్ వెనక రేకు మీద "ఏపీ-200ఏ" అని, దరఖాస్తులో "ఏపీ 200 ప్రో" అని ఉంటే, చూసే అధికారికి అవి మూడు వేర్వేరు మెషీన్లు. అక్షరం, గీత, ఖాళీ అన్నీ ఒకటే ఉండేలా చూసుకోండి. ఫ్యాక్టరీ పేరు మీద లిస్టింగ్ ఉండి మీ బ్రాండ్‌తో అమ్ముతుంటే, మీ బ్రాండ్, మీ మోడల్ నంబర్ కూడా ఆ లిస్టింగ్‌లో చేరినట్టు ల్యాబ్ నుంచి కాగితం తీసుకోవాలి. ఫ్యాక్టరీకి కార్బ్ సర్టిఫికెట్ ఉంది కాబట్టి మాకూ ఉన్నట్టే అనుకోవడం బ్రాండ్ వేసుకుని అమ్మేవాళ్లలో బాగా కనిపించే అపోహ. కార్బ్ జాబితాలో మీ పేరుతో మీ మోడల్ కనిపించాలి, అంతే. వాళ్లు తిరిగి ఏదైనా అడిగితే మీరు జవాబిచ్చేదాకా ఫైలు కదలదు కాబట్టి, దరఖాస్తులో ఇచ్చే ఈమెయిల్ రోజూ చూసేదే ఇవ్వండి.

సర్టిఫికెట్ వచ్చాక

పెట్టె మీద లేబుల్ వేయాలి, కనీసం ఒక అంగుళం ఎత్తు, రెండంగుళాల వెడల్పు. కాలిఫోర్నియా ఓజోన్ పరిమితికి లోబడి ఉంది, కార్బ్ సర్టిఫై చేసింది అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం నిబంధనలో ఎలా ఉందో అలాగే దింపాలి, డిజైనర్ చేత అందంగా తిరగరాయించకండి. మెషీన్ మీద ల్యాబ్ గుర్తు విడిగా ఉండాలి. డిస్ట్రిబ్యూటర్లకీ దుకాణాలకీ నిబంధన గురించి తెలియజేయడం కూడా తయారీదారు బాధ్యతే, ఉత్పత్తి, అమ్మకం, పరీక్షల రికార్డులు మూడేళ్లు దాచి ఉంచాలి. సర్టిఫికెట్ చేతికి రాకముందే ఆన్‌లైన్‌లో అమ్మకం మొదలుపెడితే, ఆ పేజీలో కాలిఫోర్నియా నిబంధనలకి సరిపోదు, ఆ రాష్ట్రానికి పంపలేం అని స్పష్టంగా రాయాలి, నిజంగా పంపకుండా కూడా ఉండాలి.

ఈ సర్టిఫికెట్ గాలి ఎంత బాగా శుద్ధి అవుతుందో చెప్పదు, మెషీన్ హాని చేయదని మాత్రమే చెప్తుంది. శుద్ధి వేగం చెప్పే సీఏడీఆర్ అంకె వేరే పరీక్షలో తేలుతుంది. మీ ప్రకటనలో "వైరస్‌లని చంపుతుంది" అని రాసుకుంటే మరో గొడవ: అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ దృష్టిలో అది క్రిమిసంహారక పరికరం అవుతుంది, తయారీ స్థలానికి ఈపీఏ ఎస్టాబ్లిష్‌మెంట్ నంబర్ తీసుకోవాలి, సరుకు దిగేటప్పుడు ముందస్తు నోటీసు ఇవ్వాలి. ఆ నంబర్‌ని పట్టుకుని "ఈపీఏ ఆమోదించింది" అని ప్రకటించుకునేవాళ్లున్నారు, అది తప్పు, ఈపీఏ ప్యూరిఫైయర్లకి ఆమోదం ఇవ్వదు. విద్యుత్ వాడకం మీద అమెరికా ఇంధన శాఖ ప్రమాణాలు 2023 డిసెంబర్ 31 నుంచి విడిగా ఉన్నాయి, 2025 డిసెంబర్ 31 తర్వాత తయారైన మెషీన్లకి అవి ఇంకా గట్టివి. ల్యాబ్‌తో మాట్లాడేటప్పుడు ఈ పరీక్ష కూడా అదే విడతలో చేయించుకోగలమేమో అడిగితే శాంపిల్ ఖర్చు కలిసొస్తుంది.

అమ్మేవాళ్లు కాకుండా, అక్కడ ఉంటూ కొనుక్కునేవాళ్లు ఎవరైనా ఇక్కడిదాకా చదివి ఉంటే: పెట్టె మీద లేబుల్ చూసి ఊరుకోకండి. కార్బ్ సైట్లో సర్టిఫై అయిన మెషీన్ల జాబితా ఉచితంగా చూడొచ్చు, అందులో బ్రాండ్ పేరుతో కాకుండా మెషీన్ వెనకున్న పూర్తి మోడల్ నంబర్‌తో వెతకండి, ఎందుకంటే ఒకే బ్రాండ్‌లో ఒక మోడల్ ఉండి, దాని పక్కది లేకపోవచ్చు.