మ్యాచ్ మొదలవగానే స్కోరు యాప్ చతికిలపడితే

సమస్య: సాయంత్రం దాకా అంతా బాగుంటుంది. 7 గంటలకు టాస్ పడగానే యాప్ నెమ్మదిస్తుంది. 7:30కి తొలి బంతి పడేసరికి సగం మందికి స్కోరు రాదు, చక్రం తిరుగుతూ ఉంటుంది.

ముందు షెడ్యూల్ చూడండి. మ్యాచ్‌కి గంట ముందే సర్వర్లు పెంచమని 18:30 అని రాసి ఉంటారు. టైమ్ జోన్ చెప్పకపోతే ఆటోస్కేలింగ్ (సర్వర్లను తనంతట తానే పెంచి తగ్గించే ఏర్పాటు) దాన్ని యూటీసీగానే (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రామాణిక సమయం) తీసుకుంటుంది. అంటే సర్వర్లు పెరిగేది మన అర్ధరాత్రి 12కి, స్టేడియం లైట్లు ఆరిపోయాక. అక్కడ ఉండాల్సింది 13:00. అర నిమిషంలో తేలే విషయం ఇది. ఇది వదిలేసి నేరుగా డేటాబేస్ మీద పడేవాళ్ళని చూసి చూసి విసుగొచ్చింది. పనిలో పనిగా పాడ్లు (సర్వర్ల మీద నడిచే యాప్ కాపీలు) గరిష్ఠ సంఖ్య దగ్గరే ఆగిపోయాయేమో కూడా చూడండి.

అవన్నీ సరిగ్గానే ఉండి, సీపీయూ, డేటాబేస్ రెండూ తీరిగ్గా ఉండి, బయటి స్కోరు ఫీడ్‌కి (మనకు స్కోర్లు అందించే సర్వీసుకి) వెళ్ళే కాల్స్ మాత్రం టైమౌట్ అవుతున్నాయా? నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఆ రాత్రి టెన్షన్‌లో పాడ్లు రెట్టింపు చేశాం. పరిస్థితి ఇంకా దిగజారింది.

కారణం: నాట్ గేట్‌వే, అంటే లోపలి సర్వర్లన్నీ ఇంటర్నెట్‌కి వెళ్ళే ఉమ్మడి ద్వారం. ప్రైవేట్ సబ్‌నెట్‌లోని (ఇంటర్నెట్‌కి నేరుగా కలవని లోపలి నెట్‌వర్క్‌లోని) పాడ్లన్నీ దాని గుండానే బయటకు వెళ్ళాలి. ఏడబ్ల్యూఎస్‌లో (అమెజాన్ క్లౌడ్‌లో) ఆ గేట్‌వేకున్న ఒక్కో ఐపీ ఒకే గమ్యానికి ఏకకాలంలో 55,000 కనెక్షన్లే ఇవ్వగలదు. మన ఫీడ్ అడ్రస్ ఒక్కటే. కోడ్ ప్రతి రిక్వెస్ట్‌కీ కొత్త కనెక్షన్ తెరుస్తుంటే, మూయకుండా వదిలేసినవి 350 సెకన్ల పాటు కదలిక లేకుండా ఉంటే గానీ గేట్‌వే వాటిని వదలదు. పాడ్లు పెంచితే తెరిచే చేతులు పెరిగాయి, అంతే. ఏడబ్ల్యూఎస్ పర్యవేక్షణ టూల్ క్లౌడ్‌వాచ్‌లో ఎర్రర్‌పోర్ట్‌అలొకేషన్ అనే మెట్రిక్ (గేట్‌వే కొత్త కనెక్షన్‌కి పోర్ట్ ఇవ్వలేకపోయిన సార్ల లెక్క) సున్నా దాటిందా, దొంగ దొరికినట్టే. మా డ్యాష్‌బోర్డ్‌లో ఆ గ్రాఫే లేదు.

పరిష్కారం: ఆ పూటకి గేట్‌వేకి ఇంకో ఎలాస్టిక్ ఐపీ (మారకుండా ఉండే పబ్లిక్ అడ్రస్) తగిలించండి, మరో 55,000 వస్తాయి. కాకపోతే ఫీడ్ ఇచ్చేవాళ్ళు మన ఐపీని అనుమతి జాబితాలో పెట్టుకుని ఉంటే, ముందు వాళ్ళకి ఫోన్ చేసి కొత్తది చేర్పించండి. లేదంటే టైమౌట్లు పోయి 403లు (అనుమతి లేదనే జవాబులు) మొదలవుతాయి. మర్నాడు అసలు పని: కీప్-అలైవ్ (ఒకసారి తెరిచిన కనెక్షన్‌నే మళ్ళీ మళ్ళీ వాడుకోవడం) ఆన్ చేయండి. మీ కోడ్ నోడ్.జేఎస్‌లో ఉంటే, 19కి ముందు వెర్షన్లలో అది డిఫాల్ట్‌గా ఉండదు. ఆపైన ఫీడ్‌ని ఒక్క వర్కరే (వెనక నడిచే ప్రోగ్రామే) అడిగి రెడిస్‌లో (మెమరీలో నడిచే వేగమైన డేటా స్టోర్) పెట్టాలి, మిగతా పాడ్లన్నీ అక్కడే చదువుకోవాలి. బంతికి ఒకసారి మారే స్కోరు కోసం వంద పాడ్లు బయటకు పరిగెత్తడమెందుకు? ఎస్3కి (ఏడబ్ల్యూఎస్ ఫైళ్ళ నిల్వకి) వెళ్ళే ట్రాఫిక్‌ని కూడా నాట్ గేట్‌వే నుంచి తప్పించి, గేట్‌వే ఎండ్‌పాయింట్ అనే వేరే దారి మీదకి మార్చండి, దానికి విడిగా డబ్బు కట్టక్కర్లేదు.

సర్టిఫికెట్ గడువు, డీఎన్ఎస్ లాంటివి ఉంటాయి గానీ అవి టాస్ పడే దాకా ఆగవు, పొద్దున్నే బయటపడతాయి. రీజియన్ మొత్తం పడిపోతే స్టేటస్ పేజీలో కనిపిస్తుంది, అప్పుడు మీ చేతిలో ఉండేదీ తక్కువే.